తుప్పు పట్టని ఉక్కు: హ్యారీ బ్రియర్లీ జీవితం

బదిలీ ఉత్తర్వులు వచ్చాయంటే మన ఇళ్లలో సామాను సర్దడం మొదలవుతుంది. గాజు సీసాలకు పాత బట్టలు చుట్టాలి. పింగాణీ కప్పులను కాగితాల మధ్య పెట్టాలి. స్టీలు గిన్నెలతో ఆ బెంగ లేదు. ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టెలో పడేస్తే చాలు. జోధ్‌పూర్ ఎండలోనైనా, కొచ్చి తేమలోనైనా, షిల్లాంగ్ వానల్లోనైనా అవి అలాగే మెరుస్తూ ఉంటాయి. అంచు మీద చెక్కించిన అమ్మమ్మ పేరు కూడా చెక్కు చెదరదు.

ఈ లోహాన్ని మనం స్టెయిన్‌లెస్ స్టీలు అంటాం. అంటే మరక పడని ఉక్కు. దీన్ని ప్రయోగశాలలో చూసి ఊరుకోకుండా, మామూలు మనుషుల చేతికి అందించడానికి పోరాడిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు హ్యారీ బ్రియర్లీ. ఆయన పెద్ద చదువులు చదివినవారు కారు. పన్నెండేళ్లకే బడి మానేసి పనిలో చేరిన ఒక కార్మికుని కొడుకు. ఆయన కథ చదువుతుంటే మనకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అనేది ఒకే ఒక లోహం కాదు, అదొక పెద్ద కుటుంబం. ఆ కుటుంబంలో ఏ పనికి ఎవరిని పిలవాలో తెలియడమే అసలైన విద్య.

కొలిమి పక్కన బాల్యం

హ్యారీ 1871 ఫిబ్రవరి 18న ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో పుట్టాడు. షెఫీల్డ్ అంటే కత్తులు, కత్తెరలు, చెంచాలు, ఉక్కు పనిముట్లు. వందల ఏళ్లుగా ఆ ఊరికి అదే పేరు. హ్యారీ తండ్రి జాన్ ఉక్కు కరిగించే పనివాడు. తొమ్మిది మంది పిల్లల్లో హ్యారీ ఎనిమిదవవాడు. ఇరుకు ఇల్లు, చాలీచాలని రాబడి.

ఆ రోజుల్లో షెఫీల్డులో మేలు రకం ఉక్కును మట్టి మూసలలో కరిగించేవారు. మూసలలో ఉక్కు చేయడం మన తెలుగు నేలకూ తెలిసిన విద్యే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన మూస ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. షెఫీల్డు పద్ధతి వేరు, కష్టం మాత్రం అదే. ఎర్రగా కాలుతున్న గుంటలోంచి మూసను పట్టకారుతో పైకి లాగాలి. వేడికి ఒళ్లు కాలకుండా పనివాళ్లు కాళ్లకు తడి గోనెలు చుట్టుకునేవారు. ఉక్కు తయారైందా లేదా అన్నది కంటితో చూసి చెప్పాల్సిందే. అంత నేర్పు ఉన్నా వారికి దక్కే కూలి తక్కువ, ఆరోగ్యం త్వరగా పాడయ్యేది.

చిన్న హ్యారీకి బడికన్నా ఆ కొలుములే ఇష్టం. పనివాళ్ల పక్కన నిలబడి గంటల తరబడి చూసేవాడు. పన్నెండేళ్లకు బడి ముగిసింది. ఆపైన థామస్ ఫర్త్ అండ్ సన్స్ అనే ఉక్కు సంస్థలో, తండ్రి పనిచేసే చోటే సహాయకుడిగా చేరాడు. కాని ఆ వయసు పిల్లలను అంత బరువు పనిలో పెట్టడానికి చట్టం ఒప్పుకోలేదు. దాంతో అదే సంస్థ రసాయన ప్రయోగశాలలో సీసాలు కడిగే పని ఇచ్చారు.

సీసాలు కడగడం చిన్న పనిగానే కనబడుతుంది. హ్యారీ జీవితం మలుపు తిరిగింది మాత్రం అక్కడే. ప్రయోగశాల పెద్ద జేమ్స్ టేలర్ ఆ కుర్రవాడిలోని కుతూహలాన్ని గమనించారు. లెక్కలు నేర్చుకునేలా చేశారు, చదవమని పుస్తకాలు చూపించారు. పుస్తకాల చదువు ఒక్కటే చాలదని చెక్కపని, అతుకుపని వంటి చేతి పనులూ అలవాటు చేయించారు. పగలు ప్రయోగశాల, రాత్రి సాయంకాలపు తరగతులు. అలా ఏళ్ల తరబడి కష్టపడి హ్యారీ ఉక్కును విశ్లేషించే రసాయన నిపుణుడయ్యాడు. కళాశాల మెట్లు ఎక్కకుండానే ఆ స్థాయికి చేరుకున్నాడు.

ఊరు మారిన ఉద్యోగి

1895లో బ్రియర్లీకి హెలెన్‌తో వివాహమైంది. తరువాత ఏడాది కొడుకు లియో పుట్టాడు. 1902లో ఫ్రెడ్ ఇబ్బట్‌సన్‌తో కలిసి ఉక్కు కర్మాగారాల్లో వాడే పదార్థాల విశ్లేషణపై ఒక పుస్తకం రాశారు. సీసాలు కడిగిన కుర్రవాడి పుస్తకాన్ని ఇప్పుడు ఇతర ప్రయోగశాలల వాళ్లు తెరిచి చూసుకునేవారు.

మన నాన్నల్లాగా, అమ్మల్లాగా ఆయనకూ దూరప్రాంతానికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. 1904లో ఫర్త్ సంస్థ ఆయనను రీగా నగరంలోని తమ కర్మాగారానికి పంపింది. నేడు రీగా లాట్వియా దేశ రాజధాని. అప్పుడది రష్యా సామ్రాజ్యంలో ఉండేది. భాష వేరు, చలి వేరు, పనివాళ్ల పద్ధతులు వేరు. అలాంటి చోట ఉక్కును ఎంత వేడి చేయాలి, ఎంతలో చల్లార్చాలి అనే విషయాలను ఆయన దగ్గరుండి చూసుకోవాల్సి వచ్చింది. ఉక్కు రసాయనమే కాదు, ఉక్కుకు పెట్టే వేడి కూడా దాని గుణాన్ని నిర్ణయిస్తుందని ఆయన అనుభవంతో గ్రహించారు. 1911లో పనిముట్ల ఉక్కును వేడితో ఎలా పదును పెట్టాలో వివరిస్తూ మరో పుస్తకం రాశారు. ఈ జ్ఞానమే తరువాత ఆయన ఆవిష్కరణను కాపాడింది.

1907లో తిరిగి షెఫీల్డుకు వచ్చారు. ఫర్త్ సంస్థ, జాన్ బ్రౌన్ సంస్థ కలిసి 1908లో నెలకొల్పిన బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాలకు ఆయనే అధిపతి.

తుపాకీ కోసం వెదికితే

1912లో ఆయన ముందుకు ఒక సమస్య వచ్చింది. రైఫిలు గొట్టాలు త్వరగా అరిగిపోతున్నాయి. గుండు పేలిన ప్రతిసారీ మండే వాయువులు గొట్టం లోపలి గోడలను తినేస్తాయి. గాడులు అరిగితే గుండు వదులై గురి తప్పుతుంది. ఆ అరుగుదలను తట్టుకునే ఉక్కు కావాలి. బ్రియర్లీ ఎన్‌ఫీల్డులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి వెళ్లి పరిస్థితి చూసి వచ్చారు. వేడిని బాగా తట్టుకుంటుందనే ఆలోచనతో క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కులను తయారు చేయించడం మొదలుపెట్టారు.

మొదట మూసలలో కరిగించిన ఉక్కు అనుకున్నట్టు రాలేదు. 1913 ఆగస్టు 13న విద్యుత్ కొలిమిలో కరిగించిన ఉక్కు సరిగ్గా కుదిరింది. అందులో క్రోమియం సుమారు 12.8 శాతం, కార్బన్ 0.24 శాతం. దానితో తుపాకీ గొట్టాలు కూడా చేశారు. అయితే ఆశించిన ఫలితం రాలేదు. ఏ పని కోసం ఆ ఉక్కును చేశారో ఆ పనిలో అది నెగ్గలేదు.

అంతటితో ఆ ముక్కలను పాత ఇనుములో పడేసి ఉంటే ఈ కథ లేదు. ఉక్కు లోపలి నిర్మాణం చూడాలంటే ముక్కను నున్నగా సానబట్టి, నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాలుతో తడిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. ఆమ్లం కొద్దిగా తింటేనే లోపలి రేణువుల గీతలు కనబడతాయి. ఈ కొత్త ఉక్కును ఆమ్లం తినడం లేదు. లేదా చాలా నెమ్మదిగా తింటోంది. పైగా ఒకే ఉక్కు, వేడి పెట్టిన తీరును బట్టి ఒక్కోసారి ఒక్కోలా ప్రవర్తిస్తోంది.

ఇంకొకరైతే పరీక్షకు అడ్డం వస్తోందని విసుక్కునేవారు. బ్రియర్లీ కత్తుల ఊళ్లో పుట్టినవారు. ఆయన నిమ్మరసం, వెనిగరు తెచ్చి పరీక్షించారు. అవీ ఆ ఉక్కును నల్లబరచలేకపోయాయి. ఆయనకు వెంటనే భోజనాల బల్ల గుర్తుకు వచ్చింది. మన ఇళ్లలో ఇనుప కత్తిపీట మీద మామిడికాయ తరిగితే ముక్కలు నల్లబడతాయి కదా! చింతపండు పులుసు కాయడానికి ఇత్తడి గిన్నెలకు పూర్వం కళాయి పోయించేవారు కదా! షెఫీల్డు ఇళ్లలోనూ అదే బాధ. ఇనుప కత్తులను ప్రతి పూటా కడిగి, తుడిచి, రుద్ది ఆరబెట్టాలి. ఆ చాకిరీ తప్పించే లోహం తన చేతిలో ఉందని ఆయనకు అర్థమైంది.

ఇక్కడ మనం ఒక నిజం చెప్పుకోవాలి. క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలను ఓర్చుకుంటుందని ఫ్రాన్సులో బెర్తియే 1821లోనే గమనించారు. జర్మనీలో క్రుప్ సంస్థకు చెందిన స్ట్రాస్, మారర్ అనే ఇద్దరు 1912 నాటికే క్రోమియంతో పాటు నికెల్ కలిపిన ఉక్కును సాధించారు. అమెరికాలో ఎల్‌వుడ్ హేన్స్ ఇలాంటి పనే చేస్తున్నారు. కాబట్టి బ్రియర్లీ ఒక్కరే కనిపెట్టారని చెప్పడం న్యాయం కాదు. గట్టిపడే స్టెయిన్‌లెస్ ఉక్కు వంటింటి కత్తికి పనికొస్తుందని గుర్తించి, దానికోసం పట్టుబట్టిన ఘనత మాత్రం ఆయనది.

తెగని కత్తులు

ఆయన తన సంస్థ యజమానులకు ఈ సంగతి చెప్పారు. వాళ్లకు ఆసక్తి కలగలేదు. వాళ్ల దృష్టి ఆయుధాల మీద ఉంది. బలవంతం మీద ఇద్దరు కత్తుల తయారీదారులకు నమూనాలు పంపించారు. ఈ ఉక్కు కత్తులకు పనికిరాదని ఇద్దరూ తేల్చేశారు. కొట్టడానికి, సానబట్టడానికి, పదును పెట్టడానికి కష్టంగా ఉందన్నారు. తెగని కత్తులు కనిపెట్టిన మనిషి అని ఊళ్లో బ్రియర్లీని ఎగతాళి చేశారు.

తప్పు ఎక్కడుంది? మామూలు కార్బన్ ఉక్కు కత్తిని సుమారు 760 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుంది. తాతముత్తాతల నుంచి కత్తుల పనివాళ్ల చేతికి అలవాటైన వేడి అది. కొత్త ఉక్కుకు అది చాలదు. దాన్ని 1,000 డిగ్రీల దగ్గరకు తీసుకెళ్లాలి. అప్పుడే దానిలోని కార్బన్, క్రోమియం సరిగ్గా కరిగి కలుస్తాయి. అలా కాల్చి చల్లార్చితే కత్తికి గట్టిదనమూ వస్తుంది, తుప్పు పట్టని గుణమూ వస్తుంది. తక్కువ వేడిలో కాలిస్తే రెండూ రావు. ఎందుకంటే కార్బన్ తన చుట్టూ క్రోమియాన్ని పట్టి ఉంచుకుంటుంది. ఉక్కును కాపాడడానికి ఆ క్రోమియం మిగలదు. సూక్ష్మదర్శిని కింద ఒకే ఉక్కు రెండు రకాలుగా కనబడిన రహస్యం కూడా ఇదే.

1914లో ఆయనకు ఎర్నెస్ట్ స్టువర్ట్ తోడు దొరికారు. ఆయన పోర్ట్‌లాండ్ వర్క్స్ అనే చోట మోస్లీ కత్తుల కర్మాగారంలో మేనేజరు. మొదటిసారి కత్తులు చేయబోతే ఉక్కు ఆయన పనిముట్లనే పాడుచేసింది. రెండోసారి కత్తులు మరీ పెళుసుగా వచ్చాయి. మూడోసారి బ్రియర్లీని దగ్గర నిలబెట్టుకుని పని మొదలుపెట్టారు. బ్రియర్లీకి కత్తులు చేయడం రాదు, ఆ ఉక్కుకు ఎంత వేడి కావాలో తెలుసు. స్టువర్ట్‌కు ఆ వేడి సంగతి తెలియదు, కత్తుల పని తెలుసు. ఇద్దరి విద్యలూ కలిశాక మంచి కత్తులు వచ్చాయి. వెనిగరులో పరీక్షించి చూసిన స్టువర్టే దీనికి మరక పడని ఉక్కు అనే అర్థంలో స్టెయిన్‌లెస్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా బ్రియర్లీ దాన్ని తుప్పు పట్టని ఉక్కు అనేవారు. పోర్ట్‌లాండ్ వర్క్స్ భవనం నేటికీ షెఫీల్డులో నిలిచి ఉంది.

పేరు ఎవరిది, హక్కు ఎవరిది

ఉక్కు పనికొస్తుందని తేలాక అసలు గొడవ మొదలైంది. మొదట వద్దన్న యజమానులు ఇప్పుడు అది తమదేనన్నారు. కనిపెట్టింది తాను కాబట్టి తన వంతు హక్కు తనకు ఉండాలని బ్రియర్లీ అన్నారు. మాట కుదరలేదు. సీసాలు కడిగే కుర్రవాడిగా తాను అడుగుపెట్టిన సంస్థను ఆయన విడిచిపెట్టారు. 1915లో బ్రౌన్ బేలీ అనే మరో ఉక్కు సంస్థలో వర్క్స్ మేనేజరుగా చేరారు. అప్పటికి ఆయన వయసు 44. పేరున్న పరిశోధనశాలను, అధికారాన్ని వదులుకుని బయటికి రావడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

ఇంగ్లండులో పేటెంటు తీసుకోలేదు. అమెరికాలో మాత్రం 1915లో దరఖాస్తు చేయగా 1916 సెప్టెంబరులో పేటెంటు వచ్చింది. చివరికి పాత సంస్థతో రాజీ కుదిరింది. 1917లో రెండు పేర్లూ కలిపి ఫర్త్ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీల్ సిండికేట్ ఏర్పడింది. సంస్థ పేరు పక్కన కార్మికుని కొడుకు పేరు చేరింది.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. వంటింటి కత్తులకు విరామం ఇచ్చి, ఆ ఉక్కును విమాన ఇంజన్ల వాల్వులకు వాడారు. తుపాకీ గొట్టంలో నెగ్గనిది ఎర్రగా కాలే వాల్వులో నెగ్గింది. లోహంలో లోపం లేదు, దానికి తగిన చోటు దొరకాలి అంతే. 1920లో ఇనుము, ఉక్కు నిపుణుల సంఘం బ్రియర్లీకి బెస్సెమర్ స్వర్ణ పతకం ఇచ్చి గౌరవించింది.

ఒక కుటుంబం, పలు గుణాలు

బ్రియర్లీ వెళ్లిపోయాక ఆ పరిశోధనశాల బాధ్యత విలియం హాట్‌ఫీల్డ్ తీసుకున్నారు. 1924లో ఆయన 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన ఉక్కును అక్కడ రూపొందించారు. నేడు మనం 304 అని పిలిచే గ్రేడుకు అదే మూలం. ఆ తరువాత కుటుంబం పెరుగుతూ వచ్చింది. ఇక్కడ కాసేపు ఆగి ఆ కుటుంబాన్ని పరిచయం చేసుకుందాం. మనలో కొందరు రేపు పాలిటెక్నిక్‌లో, ఐటీఐలో, ఇంజనీరింగులో లేత్ ముందు నిలబడతారు. అప్పుడిది పనికొస్తుంది.

ముందు అన్నిటికీ ఉమ్మడి రహస్యం ఒకటుంది. ఉక్కులో క్రోమియం సుమారు 10.5 శాతం దాటితే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కంటికి కనబడనంత పలుచని పొర కట్టుకుంటుంది. ఆ పొరే కవచం. గీత పడితే మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది.

బ్రియర్లీ ఉక్కు వంటి 13 శాతం క్రోమియం రకాలు 410, 420. ఇవి వేడి చేసి చల్లార్చితే గట్టిపడతాయి. కత్తులకు, వాల్వులకు, షాఫ్టులకు మంచివి. కార్బన్, క్రోమియం రెండూ ఇంకా పెంచితే 440సి. బేరింగు గోళీలకు వాడేంత గట్టిది. 430లో క్రోమియం 17 శాతం దాకా ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు. మన జేబులోని ఇప్పటి 1 రూపాయి, 2 రూపాయల నాణేలు ఈ జాతివే. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటాయి. నికెల్ కలిసిన 304 మామూలుగా అంటుకోదు. కొనేముందు అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే మేలు రకమని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకాలు కూడా అయస్కాంతానికి అంటుకోవు. 304ను బాగా వంచితే ఆ మూలలు కొద్దిగా అంటుకోవచ్చు కూడా.

ఇక లేత్ సంగతి. 304 గిన్నెగా నొక్కడానికి చాలా సాధువు, లేత్ మీద మాత్రం మొండిది. చిప్స్ ముక్కలుగా విరగవు. పొడుగు దారాల్లా సాగి టూలుకు చుట్టుకుంటాయి. వేడి త్వరగా బయటికి పోదు, అంతా టూలు మొన మీదే నిలుస్తుంది. టూలు కోయకుండా ఊరికే రాసుకుంటే ఆ పైపొర ఇంకా గట్టిపడి, తరువాతి కోతకు లొంగదు. అందుకే అనుభవమున్న టర్నర్లు పదునైన టూలు పెట్టి, కూలెంట్ బాగా పోస్తూ, మధ్యలో ఆపకుండా నిలకడగా కోస్తారు. భయపడి పైపైన గీకితే పని చెడుతుంది.

ఈ బాధ తప్పించడానికి 304కు కనీసం 0.15 శాతం గంధకం చేర్చి 303 అనే గ్రేడు తయారు చేశారు. గంధకం మాంగనీసుతో కలిసి లోహమంతటా చిన్న చిన్న మచ్చలుగా ఉంటుంది. కోసేటప్పుడు చిప్స్ ఆ మచ్చల దగ్గర టకటకా విరుగుతాయి. పని వేగంగా సాగుతుంది, టూలు ఎక్కువ కాలం వస్తుంది. 13 శాతం క్రోమియం జాతిలోనూ ఇలాగే గంధకం కలిపినది 416. అయితే ఉచితంగా ఏదీ రాదు. ఆ మచ్చల దగ్గరే తుప్పు గుంటలు మొదలవుతాయి. వెల్డింగు చేస్తే పగుళ్లు వస్తాయి. కోయడానికి సులువైనది తట్టుకోవడంలో కొంచెం బలహీనమైనది.

సముద్రపు ఉప్పు క్రోమియం కవచానికి పెద్ద శత్రువు. దాన్ని ఎదుర్కోవడానికి 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిపితే 316 అవుతుంది. వెల్డింగు చేయాల్సి వస్తే కార్బన్ బాగా తగ్గించిన 304ఎల్, 316ఎల్ వాడతారు. లేకపోతే అతుకు పక్కన కార్బన్ క్రోమియాన్ని లాగేసుకుంటుంది. షెఫీల్డు కత్తులలో చూసిన పాత కథే ఇక్కడ మళ్లీ వస్తుంది. బలమూ కావాలి, తుప్పూ పట్టకూడదు అంటే 17-4 పీహెచ్ అనే గ్రేడు ఉంది. దాన్ని ముందు లేత్ మీద కోసుకుని, తరువాత 480 డిగ్రీలో, అంతకు కొంచెం ఎక్కువో వేడిలో ఉంచి గట్టిపరుస్తారు.

మరి ఏది ఎంచుకోవాలి? ఒక చిన్న పంపు షాఫ్టు చేయాలనుకుందాం. మొదటి ప్రశ్న, అది ఎక్కడ పనిచేస్తుంది? నాగపూర్‌లో మంచినీటి పంపు అయితే 410 గానీ 416 గానీ సరిపోవచ్చు. అదే పంపు విశాఖపట్నం రేవులో ఉప్పునీరు తోడాలంటే 316 వైపు చూడాలి. ఉద్యోగికి బదిలీ అయితే దుస్తులు మారినట్టే, యంత్రానికి చోటు మారితే గ్రేడు మారుతుంది. రెండో ప్రశ్న, దానికి ఎంత గట్టిదనం కావాలి? 316ను ఎంత కాల్చి ముంచినా కత్తిలా గట్టిపడదు. మూడో ప్రశ్న, దాన్ని ఎలా చేస్తాం? అతకాలంటే 303 వద్దు. నాలుగోది, ఎన్ని చేయాలి? ఇంటి లోపల వాడే చిన్న నట్లు వేల సంఖ్యలో కావాలంటే 303తో టూళ్లు, సమయం రెండూ మిగులుతాయి. ఒకటి రెండు ముక్కలకైతే 304తో ఓపికగా చేసుకోవచ్చు. అన్నిటికన్నా ఖరీదైనది తెస్తే అన్నిటికీ సరిపోతుందనుకోవడం పొరపాటు. 316తో కూరగాయల కత్తి చేస్తే మొద్దుబారుతుంది. 420తో పడవ బోల్టు చేస్తే తుప్పు పడుతుంది.

మన దేశంలో ఈ కుటుంబం చాలా చోట్ల కనబడుతుంది. తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ షీట్లకు పేరు పొందింది. హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్ రక్షణ, అంతరిక్ష రంగాలకు ప్రత్యేక ఉక్కులు అందిస్తుంది. మనం సెలవుల్లో ఊరికి ఎక్కి వెళ్లే ఎల్‌హెచ్‌బీ రైలు పెట్టెల శరీరం కూడా స్టెయిన్‌లెస్ ఉక్కే.

చివరి రోజులు

బ్రియర్లీ 1925లో బ్రౌన్ బేలీలో రోజువారీ బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆయన మనసు మాత్రం పనివాళ్ల దగ్గరే ఉండేది. పాత మూస కొలుముల పనివాళ్ల నేర్పు మరుగున పడకూడదని వారి గురించి పుస్తకం రాశారు. యంత్రాలు, పరికరాలు రాకముందు కంటితో, చేతితో ఉక్కును చదివిన వాళ్లను ఆయన తన గురువులుగా భావించారు. 1941లో తన ఆత్మకథ వెలువరించారు. అదే ఏడాది తన డబ్బుతో ఫ్రెష్‌గేట్ అనే ధర్మనిధిని ఏర్పాటు చేశారు. తనలా అవకాశాలు లేని మామూలు కుటుంబాల వారికి చదువు, కళలు, ప్రయాణాలు అందాలన్నది దాని ఉద్దేశం. 1948 జూలై 14న ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీ పట్టణంలో ఆయన కన్నుమూశారు.

ఆయన జీవితంలో ఒక విషయం మమ్మల్ని బాగా ఆకట్టుకుంది. ఆయన ఉక్కును ముగ్గురు చూశారు. తుపాకీ కోరినవారికి అది ఓడిపోయిన ప్రయోగం. పాత వేడికి అలవాటుపడ్డ కత్తులవారికి అది మొండి లోహం. బ్రియర్లీకి, స్టువర్ట్‌కు అది కొత్త గుణమున్న లోహం. దానికి ఏం కావాలో తెలుసుకుని, అది ఇస్తే సరిపోతుంది. లోహం మారలేదు, చూసిన కళ్లు మారాయి.

మనం రెండు మూడేళ్లకొక ఊరు, ఒక కొత్త తరగతి, ఒక కొత్త భాష మధ్యకు వెళ్లే పిల్లలం. ఒక బడిలో మొదటి వరుసలో ఉన్నవాళ్లం మరో బడిలో వెనుక పడతాం. ఒకచోట ఎవరూ గుర్తించని నేర్పు ఇంకొకచోట అందరికీ నచ్చుతుంది. లోపం మనలోనే ఉందని తొందరపడి తేల్చుకోకూడదు. మనకు తగిన వేడి, తగిన చోటు, చేతిపని తెలిసిన ఒక తోడు దొరికేదాకా నేర్చుకుంటూ ఉండాలి. సీసాలు కడుగుతూ కూడా బ్రియర్లీ చేసింది అదే.